పంతులు గెలిచిన యుద్ధం

2013 అక్టోబర్ 3 సాయంత్రం ఢిల్లీలో కేంద్ర మంత్రివర్గం తెలంగాణ రాష్ట్ర ఏర్పాటుకు ఆమోదం తెలిపింది. ఆ రాత్రి తెలంగాణ పల్లె నిద్రపోలేదు. డప్పులు మోగాయి, పటాకులు పేలాయి, గులాల్ చల్లుకున్నాం. మరునాడు, అక్టోబర్ 4న, హనోయ్ నగరంలోని సైనిక ఆసుపత్రిలో 102 ఏళ్ల వృద్ధుడు ఒకరు కన్నుమూశాడు. ఆయన పేరు వో గుయెన్ గియాప్. ఫ్రాన్స్‌ను ఓడించి పంపిన సైన్యాన్ని, అమెరికాను వెనక్కి మళ్లించిన సైన్యాన్ని అడవిలో గుప్పెడు మందితో మొదలుపెట్టినవాడు. మన సంబురాల హోరులో ఆ చావు కబురు వినబడలేదు. మేమూ ఆ వారం ఆయన గురించి ఒక్క ముక్క రాయలేదు. కొట్లాడేవాళ్ల పత్రికగా చెప్పుకునే మాకు అది బాకీగానే మిగిలింది.

ఏటా మే 7 వచ్చినప్పుడల్లా ఆ బాకీ గుర్తుకొస్తుంది. 1954లో ఆ రోజునే దియన్ బియన్ ఫూ లోయలో ఫ్రెంచి సైన్యం చేతులెత్తింది. వలస పాలనలో ఉన్న ఒక ఆసియా దేశపు రైతు సైన్యం, ఐరోపా సైన్యాన్ని ఎదురెదురు యుద్ధంలో ఓడించిన రోజది. ఆ సైన్యానికి సేనాధిపతి ఏ సైనిక కళాశాలలోనూ చదవలేదు. ఆయన చదివింది న్యాయశాస్త్రం. చేసిన ఉద్యోగం బడిపంతులుది. చెప్పిన పాఠం చరిత్ర. రాసింది పత్రికల్లో. అంటే మన ఉద్యమానికి వెన్నెముకగా నిలిచిన విద్యార్థి, ఉపాధ్యాయుడు, పత్రికా రచయిత ముగ్గురూ ఆ ఒక్క మనిషిలో ఉన్నారు.

ఇది వీరపూజ కోసం రాస్తున్నది కాదు. విగ్రహాలకు దండలేసే అలవాటు మనకు ఇప్పటికే ఎక్కువ. నాయకత్వం అంటే ఏమిటి, గెలుపు అంటే ఏమిటి, గెలిచిన తర్వాత కొట్లాడినవాడి బతుకు ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలు మనల్నీ వేధిస్తున్నాయి. వాటికి గియాప్ జీవితంలో కొన్ని జవాబులున్నాయి. అన్నీ తీయని జవాబులు కావు.

గియాప్ 1911 ఆగస్టు 25న మధ్య వియత్నాంలోని క్వాంగ్ బిన్ రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టాడు. హుయే నగరంలోని పేరున్న పాఠశాలలో చదువుతూ 1927లో విద్యార్థుల సమ్మెలో పాల్గొన్నందుకు బయటికి గెంటబడ్డాడు. తర్వాత ‘ప్రజల గొంతు’ అనే అర్థం వచ్చే పేరున్న పత్రికలో పనిచేశాడు. 1930లో జైలుకు పోయాడు. బయటికొచ్చి హనోయ్‌లో చదువు పూర్తిచేసి, థాంగ్ లాంగ్ అనే ప్రైవేటు బడిలో చరిత్ర పంతులుగా చేరాడు. నెపోలియన్ యుద్ధాలను నల్లబల్ల మీద గీతలు గీసి కళ్లకు కట్టినట్లు చెప్పేవాడని ఆయన శిష్యులు తర్వాత చెప్పుకున్నారు. మిత్రుడు ట్రువాంగ్ చిన్‌తో కలిసి రైతు సమస్య మీద పుస్తకం రాశాడు. గమనించండి. తుపాకి పట్టక ముందు ఆయన తన దేశంలో రైతుకు ఎంత భూమి ఉంది, ఎంత అప్పు ఉంది, ఎంత శిస్తు కడుతున్నాడు అనే లెక్క తీశాడు. లెక్క తెలియనివాడు లడాయి చేయలేడు. నీళ్ల లెక్క, నిధుల లెక్క, కొలువుల లెక్క ఊరూరా చెప్పి మనల్ని తట్టిలేపిన జయశంకర్ సార్ కూడా పంతులే కదా!

ఆయన ఇంటి మీద పడిన దెబ్బలు చిన్నవి కావు. వదిన వరసయ్యే విప్లవకారిణి మిన్ ఖాయ్‌ని 1941లో ఫ్రెంచి పాలకులు కాల్చి చంపారు. ఆయన భార్య క్వాంగ్ థాయ్ జైల్లో ప్రాణం విడిచింది. 1940లో సరిహద్దు దాటి చైనాకు పోయిన భర్తకు ఆమె చనిపోయిన సంగతి 1945 దాకా తెలియనే లేదు. తండ్రిని 1947లో పట్టుకుపోయారు, ఆయనా తిరిగి రాలేదు. ఇంత పోగొట్టుకున్న మనిషి పగతో రగిలిపోయి గుడ్డిగా దూకి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆయన ఫ్రెంచి వాళ్లు పెట్టిన పేరు ‘మంచు కప్పిన అగ్నిపర్వతం’ అని చెప్తారు. లోపల నిప్పు, పైకి చల్లదనం. నాయకుడికి ఈ రెండూ కావాలి. నిప్పు లేనివాడు అమ్ముడుపోతాడు. చల్లదనం లేనివాడు తన వెంట వచ్చినవాళ్లను నిప్పుల్లో పడేస్తాడు.

1944 డిసెంబర్ 22న కావ్ బాంగ్ రాష్ట్రపు అడవిలో 34 మందితో గియాప్ మొదటి దళాన్ని కట్టాడు. అందులో ముగ్గురు స్త్రీలు. వాళ్ల దగ్గరున్నవి కొన్ని రైఫిళ్లు, కొన్ని పాతకాలపు నాటు తుపాకులు, చిన్న మెషిన్ గన్ ఒకటి. దళం పేరులోనే ‘ప్రచారం’ అనే మాట ఉంది. వియత్నాం ప్రచార విముక్తి సైన్యం. హోచిమిన్ ఆ పేరు పెట్టించడంలో ఒక ఆలోచన ఉంది. ముందు మాట, తర్వాత తుపాకి. ముందు ఊరిని గెలవాలి, ఆ తర్వాతే ఠాణాను. ఆ దళం కొద్ది రోజుల్లోనే ప్రభుత్వ సైనికుల వేషంలో రెండు చిన్న ఠాణాలను పట్టుకుంది. ఆ 34 మందే పదేళ్లకు ఫిరంగులున్న సైన్యమయ్యారు. పదేళ్లు! అయిదేళ్ల ఎన్నికల లెక్కల్లో మాత్రమే కాలాన్ని కొలిచే మన నాయకులకు ఈ పదేళ్ల లెక్క ఒంటబట్టదు.

ఆ పదేళ్లలో గియాప్ గెలుస్తూనే పోలేదు. 1950లో చైనా సరిహద్దు వెంట ఫ్రెంచి ఠాణాలను ఊడ్చేసిన ఊపులో, 1951లో ఎర్రనది మైదానంలోకి సైన్యాన్ని దించాడు. ఇక గెలుపు దగ్గరికొచ్చిందనుకున్నాడు. విన్ యెన్, మావ్ ఖే, డే నది దగ్గర వరుసగా మూడు దెబ్బలు తగిలాయి. మైదానంలో గుంపుగా కదిలిన సైనికుల మీద విమానాలు నాపాం మంటలు కురిపించాయి. వేల మంది పోయారు. తొందరపడ్డామని, బలం చాలక ముందే మైదానానికి దిగామని ఆయన నేర్చుకున్నాడు. మళ్లీ కొండల్లోకి పోయాడు. అదే 1951లో మన దగ్గర సాయుధ పోరాటాన్ని విరమించారు. నాలుగు వేల మంది ప్రాణాలు పోసి మూడు వేల పల్లెల్లో గ్రామరాజ్యాలు నిలబెట్టిన పోరాటమది. ఆ విరమణ మంచిదా చెడ్డదా అనే వాదన ఇప్పటికీ తెగలేదు. ఇక్కడ మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఓటమిని దాచిపెట్టిన ఉద్యమం దాన్నుంచి ఏమీ నేర్చుకోదు. ఓటమిని విప్పి చూసుకున్న ఉద్యమం మరోసారి లేస్తుంది.

ఇక దియన్ బియన్ ఫూ. ఈ కథను చాలామంది గెలుపు కథగా చెప్తారు. మేం దీన్ని ఒక వాయిదా కథగా చెప్తాం.

1953 నవంబర్ 20న ఫ్రెంచి సైన్యం లావోస్ సరిహద్దు దగ్గరి ఈ లోయలో పారాచూట్లతో దిగింది. జనరల్ నవార్ ఆలోచన సూటిగానే ఉంది. అడవిలో దొరకని గియాప్‌ను లోయలోకి రప్పించాలి, విమానాలతో, ఫిరంగులతో నలిపేయాలి. చుట్టూ కొండలు, మధ్యలో విమానాల రన్‌వే, దాని చుట్టూ గుట్టల మీద కోటలాంటి స్థావరాలు. దారుల్లేని ఆ కొండల మీదికి శత్రువు పెద్ద ఫిరంగులు ఎక్కించలేడని, ఎక్కించినా తమ ఫిరంగులు వాటిని క్షణాల్లో ధ్వంసం చేస్తాయని వాళ్ల ధీమా.

గియాప్ సైన్యం ఫిరంగులను విప్పి, తాళ్లు కట్టి, చేతులతో లాగి కొండలెక్కించింది. 1954 జనవరి 25న దాడి అని ముందు అనుకున్నారు, అది ఒక రోజు జరిగింది. ఒక్క దెబ్బతో రెండు మూడు రోజుల్లో తేల్చేయాలనేది పథకం. చైనా సలహాదారులు సరేనన్నారు. సొంత అధికారులు ఊగిపోతున్నారు. సైనికుల ఉత్సాహానికి హద్దుల్లేవు. సేనాధిపతికి మాత్రం నిద్ర పట్టలేదు. తలనొప్పికి నుదుటికి ఆకుల కట్టు కట్టుకుని ఆ రాత్రి గడిపానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఇంత బలమైన కోటను తన సైన్యం ఇంతకుముందెప్పుడూ కొట్టలేదు. ఫిరంగి దళం, కాల్బలం కలిసి దాడి చేసిన అనుభవం లేదు. రాత్రి యుద్ధానికి అలవాటుపడ్డవాళ్లు పట్టపగలు ఖాళీ మైదానంలో నిలవాలి. గెలుపు ఖాయమైతేనే కొట్టు, కాదంటే కొట్టకు అని బయలుదేరేటప్పుడు హోచిమిన్ చెప్పిన మాట చెవుల్లో తిరుగుతున్నది.

జనవరి 26 ఉదయం ఆయన దాడి ఆపేశాడు. ఆపేయడమే కాదు, అంత కష్టపడి ఎక్కించిన ఫిరంగులను వెనక్కి దింపమన్నాడు. సైనికులు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఫిరంగులను దింపే ఆ రోజుల్లోనే, లోయలోకి జారిపోతున్న ఒక తుపాకి చక్రం కింద టో విన్ దియన్ అనే సైనికుడు తన దేహాన్ని అడ్డుపెట్టి ప్రాణం విడిచాడని వియత్నాంలో నేటికీ చెప్పుకుంటారు. సేనాధిపతిగా తన జీవితంలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం అదేనని గియాప్ ఆఖరిదాకా అన్నాడు.

ఆలోచించండి. ముందుకు దూకమని చెప్పడం ఏ నాయకుడికైనా సులువే. చప్పట్లు కొడతారు, భుజాలకెత్తుకుంటారు. ఇప్పుడు కాదు, వెనక్కి పదండి, మళ్లీ తయారవుదాం అని చెప్పడానికి గుండె కావాలి. పిరికివాడన్న మాట పడటానికి సిద్ధపడాలి. తన పేరు కంటే తన వెంట ఉన్నవాళ్ల ప్రాణాలు విలువైనవని నమ్మాలి. ఆ రోజు గియాప్ సైన్యానికి వాయిదా వేశాడే గానీ ఆశయానికి వేయలేదు. ఈ తేడా తెలియక మన దగ్గర చాలామంది రెండో పని చేసి దానికి మొదటి పని పేరు పెట్టుకున్నారు. 1969లో ఇంటర్, డిగ్రీ పిల్లలు తుపాకి గుండ్లకు ఎదురు నిలిస్తే, 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితికి 10 సీట్లు ఇచ్చి జనం తమ తీర్పు చెప్తే, ఆ ఏడాది తిరక్కముందే నాయకులు పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. దాన్ని వ్యూహం అన్నారు. వ్యూహం అంటే ఫిరంగులను వెనక్కి తెచ్చుకోవడం. ఫిరంగులను శత్రువుకు అప్పజెప్పి రావడం కాదు.

వాయిదా తర్వాతి ఏడు వారాలు గియాప్ ఖాళీగా కూర్చోలేదు. దారులు వేయించాడు. కొండ లోపల గుహలు తవ్వించి ఒక్కో ఫిరంగిని ఒక్కో గుహలో కూర్చోబెట్టాడు. వియత్నాం లెక్కల ప్రకారం 2 లక్షల 60 వేల మందికి పైగా సామాన్య జనం ఆ యుద్ధానికి బరువులు మోశారు. 20 వేలకు పైగా సైకిళ్లు నడిచాయి. తొక్కడానికి కాదు, తొయ్యడానికి. హ్యాండిల్‌కు ఒక వెదురు కట్టె, సీటు వెనుక ఒక వెదురు కట్టె కట్టి, ఒక్కో సైకిల్ మీద 200 కిలోల దాకా బియ్యం, మందుగుండు వేసి వందల కిలోమీటర్లు నడిపించారు. ఆడవాళ్లు కావడి మోశారు. ఫ్రెంచి సేనానులు విమానాల సంఖ్య లెక్కపెట్టుకున్నారు గానీ ఈ సైకిళ్లను లెక్కలోకి తీసుకోలేదు. జనాన్ని లెక్కలోకి తీసుకోని పాలకుడికి ఎప్పుడైనా ఇదే గతి.

చైనా ఇచ్చిన ఫిరంగులు, లారీలు, సలహాలు లేకుండా ఈ యుద్ధం గెలిచేవారు కాదన్నది కూడా నిజం. దాన్ని దాచనక్కర్లేదు. సాయం బయటినుంచి రావచ్చు. నిర్ణయం మాత్రం సొంతదై ఉండాలి. సలహాదారుల పథకాన్ని ఆపేసిన ఆ జనవరి ఉదయం చెప్పేది అదే.

మార్చి 13 సాయంత్రం కొండలు ఒక్కసారిగా పేలాయి. రెండు రోజులు తిరక్కముందే, శత్రు ఫిరంగులను నోరు మూయిస్తానని మాటిచ్చిన ఫ్రెంచి ఫిరంగిదళాధిపతి పిరోత్, ఆ మాట నిలబెట్టుకోలేక తన బంకర్‌లో గ్రెనేడుతో ప్రాణం తీసుకున్నాడు. మార్చి నెలాఖరుకు రన్‌వే పనికిరాకుండా పోయింది. ఇక దూకుడు లేదు. రోజూ కందకం తవ్వడం, రోజూ కొంచెం దగ్గర కావడం. వంద కిలోమీటర్లకు మించిన కందకాలు ఆ లోయ మెడ చుట్టూ ఉచ్చులా బిగుసుకున్నాయి. మే 6 రాత్రి ఏ-1 గుట్ట కింద సొరంగం తవ్వి పెట్టిన దాదాపు టన్ను మందుగుండు పేలింది. మరునాటి సాయంత్రం దె కాస్త్రీ బంకర్ మీద వియత్‌మిన్ జెండా ఎగిరింది. మొత్తం 56 రోజులు. ఆ మరునాడే, మే 8న, జెనీవాలో ఇండోచైనా మీద చర్చలు మొదలయ్యాయి. చర్చల బల్ల దగ్గర మాట్లాడటానికి నోరు ఉంటే చాలదు, బల్ల వెనుక జనం ఉండాలి. అఖిలపక్షాల పేరుతో, కమిటీల పేరుతో ఏళ్లకేళ్లు తిప్పించుకున్న మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

అదే ఏడాది నవంబర్ 1న అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం రాజుకుంది. దియన్ బియన్ ఫూలో ఫ్రాన్స్ తరఫున పోరాడి పట్టుబడ్డ వాళ్లలో అల్జీరియన్లు కూడా ఉన్నారు. ఒక లోయలో ఓడిన సామ్రాజ్యం ఇంకెక్కడా మునుపటిలా నిలబడలేకపోయింది. గియాప్ వారసత్వం ఆయన దేశంతో ఆగలేదన్నది అందుకే.

అయితే ఈ గెలుపు ఖరీదు చెప్పకుండా దాటిపోతే మేం పాఠకులను మోసం చేసినట్లే. ఆ లోయలో వియత్నాం వైపు వేలమంది చనిపోయారు. ఎంతమంది అన్నదాని మీద రెండు దేశాల లెక్కలు నేటికీ కలవవు. పట్టుబడ్డ 10 వేలకు పైగా సైనికుల్లో సగం మంది కూడా తిరిగి ఇల్లు చేరలేదు. తర్వాత అమెరికాతో సాగిన యుద్ధంలో తమ యోధులే 11 లక్షల మంది, సామాన్యులు 20 లక్షల మంది పోయారని వియత్నాం ప్రభుత్వమే 1995లో ప్రకటించింది. అన్ని ప్రాణాలు పోగొట్టిన సేనాధిపతిని అమెరికాలో అయితే కొన్ని వారాల్లో ఇంటికి పంపేవాళ్లని అమెరికన్ జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ ఎద్దేవా చేశాడు. పరాయి దేశం మీదికి బాంబర్లను పంపినవాడికి ఆ మాట అనే హక్కు లేదు. కానీ ప్రశ్న మాత్రం ప్రశ్నే. అది సొంతవాళ్లు కూడా అడగాల్సిన ప్రశ్నే.

ఉత్తర వియత్నాంలో భూసంస్కరణల పేరిట ఘోరాలు జరిగాయి. వేల మంది అమాయకులు శత్రువులన్న ముద్ర పడి శిక్షలు అనుభవించారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1956 అక్టోబర్‌లో పార్టీ తరఫున జనం ముందు నిలబడి ఆ తప్పుల చిట్టా చదివింది గియాపే. నిజాయితీపరులను చంపామని, అందరినీ శత్రువులుగా చూశామని ఒప్పుకున్నాడు. ఆ మాటలతో చచ్చినవాళ్లు లేచి రాలేదు. ఆ పాపంలో పార్టీ పెద్దగా ఆయనకూ వాటా ఉంది. కానీ గెలిచిన సేనాధిపతి, జనం నెత్తిన పెట్టుకున్న రోజుల్లో, తప్పు చేశాం అని చెప్పడం చరిత్రలో తరచుగా కనిపించేది కాదు.

ఇక్కడ మన గాయం గురించి ఒక మాట. మనది యుద్ధం కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు కోసం సాగిన ప్రజాస్వామిక ఉద్యమం. పోలికకు హద్దు ఉంది. అయినా మనమూ ప్రాణాలు పోగొట్టుకున్నాం. 1969లో పోలీసు కాల్పులు తీసుకున్నాయి. 2009 తర్వాత మన బిడ్డలు తమ ప్రాణం తామే తీసుకున్నారు. చావొద్దు, బతికి సాధించుకుందాం అని ఉద్యమం గొంతు చించుకున్నా ఆ చావులు ఆగలేదు. ఆ పిల్లల చిత్తశుద్ధికి తలవంచుతాం. కానీ ఒక మాట కఠినంగా చెప్పక తప్పదు. చావు పోరాట రూపం కాదు. 34 మందితో మొదలైన ఆ దళం చావడానికి పోలేదు, బతికి గెలవడానికి పోయింది. ఒక్క సైనికుడు కూడా ఎక్కువ పోగూడదని దాడినే ఆపిన గుండె నాయకత్వానికి ఉంటే, పిల్లల చావులను సభల్లో ఉపన్యాసానికి ఊపు తెచ్చే సరుకుగా వాడుకునేవాళ్లు కాదు.

గియాప్ గురించి ఇంకో అపోహ ఉంది. అంతా ఆయనే చేశాడన్నది. 1968 టెట్ దాడిని ప్రపంచమంతా ఆయన ఖాతాలో వేసింది. ఆ పథకం నడిపింది లె జువాన్ వర్గమని, దాని మీద గియాప్‌కు అభ్యంతరాలున్నాయని, దాడి మొదలైనప్పుడు ఆయన చికిత్స కోసం హంగరీలో ఉన్నాడని తర్వాత చరిత్రకారులు రాశారు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ చేరిన సైన్యాన్ని రంగంలో నడిపింది వాన్ టియెన్ జుంగ్. ఆ నెల 7న హనోయ్ నుంచి గియాప్ పంపిన తంతి మాత్రం ప్రసిద్ధమైంది. ఇంకా వేగంగా కదలండి, ప్రతి నిమిషాన్నీ వాడుకోండి అన్నది దాని సారాంశం. 1954లో ఆగమన్నవాడే 1975లో పరుగెత్తమన్నాడు. ఓపిక అంటే ఎప్పుడూ ఆగడం కాదు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఉరకాలో తెలియడం.

మనమూ ఇది కొంత నేర్చుకున్నవాళ్లమే. 2009 డిసెంబర్ 9న ప్రకటన వచ్చి, డిసెంబర్ 23న అది వెనక్కిపోయినప్పుడు ఉద్యమం కూలిపోవాల్సింది. కూలలేదు. ఊరికో జేఏసీ, కులానికో జేఏసీ, కొలువుకో జేఏసీ పుట్టింది. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. బస్సు చక్రం ఆగింది, సింగరేణి బొగ్గు ఆగింది, బడి గంట ఆగింది. జీతం లేకుండా దసరా చేసుకున్న ఉద్యోగి ఇంట్లో, రోడ్డు మీద వంటా వార్పు పెట్టిన అక్కల చేతుల్లో, సైకిళ్లు తోసిన ఆ వియత్నాం జనం కనిపించరా? సేనాధిపతుల పేర్లు అందరికీ తెలుసు. బియ్యం మోసినవాళ్ల పేర్లు ఎవరు రాసిపెట్టారు?

ఇప్పుడు చివరి పాఠం, అన్నిటికంటే చేదైనది. దేశం ఒక్కటైన అయిదేళ్లకు, 1980లో, గియాప్‌ను రక్షణ మంత్రి పదవి నుంచి తప్పించారు. 1982లో పొలిట్‌బ్యూరో నుంచి తీసేశారు. దియన్ బియన్ ఫూ గెలిచినవాడిని కుటుంబ నియంత్రణ కమిటీకి పెద్దను చేసి కూర్చోబెట్టారు. హనోయ్ వీధుల్లో జనం దాని మీద చాటుగా జోకులు వేసుకున్నారు. ఆయన పార్టీ మారలేదు, వేరు కుంపటి పెట్టలేదు, విదేశాలకు పోలేదు. ఇచ్చిన పని చేశాడు. అది గొప్పతనమా, మౌనంగా తలవంచడమా అని అడిగేవాళ్లున్నారు. అడగవలసిందే. గొంతెత్తాల్సిన కొన్ని సందర్భాల్లో ఆయన మౌనంగా ఉన్నాడన్న విమర్శలో పస ఉంది.

కానీ ఆయన పూర్తిగా మౌనంగా వెళ్లిపోలేదు. 2009లో, 97 ఏళ్ల వయసులో, మధ్య వియత్నాం కొండల్లో చైనా కంపెనీ చేయూతతో తలపెట్టిన బాక్సైట్ గనులను ఆపమని ప్రభుత్వానికి లేఖలు రాశాడు. అడవి పోతుంది, నీళ్లు పాడవుతాయి, గిరిజనుల బతుకు ఆగమవుతుంది, దేశ భద్రతకూ ముప్పు అన్నాడు. ఒకనాడు చైనా ఫిరంగులతో గెలిచినవాడే ఈ మాట అన్నాడు. తాను నిలబెట్టిన రాజ్యాన్నే తాను ప్రశ్నించాడు. ప్రభుత్వం వినలేదు, పని ఆగలేదు. అయినా ఆ లేఖలు చదివి వియత్నాంలో మేధావులు, యువకులు నోరు విప్పారు. యుద్ధం గెలిచినవాడికి గెలుపుతోనే పని అయిపోదని ఆ ముసలి చేయి రాసింది.

2013 అక్టోబర్‌లో ఆయన ఇంటి ముందు జనం రోజుల తరబడి బారులు తీరారు. యుద్ధం చూడని పిల్లలు ఏడ్చారు. ఆయన కోరుకున్నట్లే హనోయ్‌లో కాకుండా సొంత రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున గుట్ట మీద పాతిపెట్టారు. పదవులు తీసేసిన రాజ్యమే రెండు రోజుల జాతీయ సంతాపం ప్రకటించాల్సి వచ్చింది. పదవి ఇచ్చే గౌరవం పదవితో పోతుంది. జనం ఇచ్చే గౌరవం పాడె దాకా వస్తుంది, ఆ తర్వాత కూడా మిగులుతుంది.

2014 జూన్ 2న మన రాష్ట్రం మనకొచ్చింది. లాఠీ దెబ్బలు తిన్నవాళ్లం, ఠాణాల్లో రాత్రులు గడిపినవాళ్లం ఆ రోజు ఏడ్చాం. జయశంకర్ సార్ ఆ రోజు చూడకుండానే 2011 జూన్ 21న వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏం జరిగిందో పాఠకులకు మేం చెప్పాల్సిన పని లేదు. ఉద్యమాన్ని ఒక ఇంటి పేరు మీద, ఒక జెండా రంగు మీద రాసుకునే ప్రయత్నం జరిగింది. ఏనాడూ జై తెలంగాణ అనని నోళ్లు కుర్చీల్లో కూర్చున్నాయి. ధూంధాంలో ఆడి పాడినవాళ్లు, క్యాంపస్‌లో టియర్ గ్యాస్ తాగినవాళ్లు గేటు బయట నిలబడ్డారు. జెండాలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. గేటు బయట నిలబడ్డవాళ్ల బాకీ తీరలేదు.

ఈ బాకీ పదవుల బాకీ కాదని మాత్రం మనం తెలుసుకోవాలి. గియాప్ జీవితం చెప్పేది కూడా అదే. కొట్లాడినవాడికి కుర్చీ దక్కకపోవడం అన్యాయం కావచ్చు, కానీ అది చిన్న అన్యాయం. కొట్లాడిన కారణం గాలికి పోవడం పెద్ద అన్యాయం. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటల లెక్క ఎక్కడిదాకా వచ్చిందని అడగడం ఆనాటి ఉద్యమకారుడి హక్కే కాదు, బాధ్యత. మనవాళ్లే పాలిస్తున్నారు కదా అని ఊరుకోవడం ఉద్యమానికి చేసే ద్రోహం. 97 ఏళ్ల ముసలాయన తన వాళ్ల రాజ్యాన్ని అడగగలిగితే, ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్న మనకేమొచ్చింది?

ఒక పని ప్రతిపాదిస్తున్నాం. ప్రతి ఊళ్లో, ప్రతి కాలేజీలో, ప్రతి ఆఫీసులో ఉద్యమంలో పాల్గొన్నవాళ్ల పేర్లు రాసి పెట్టండి. సమ్మెలో జీతం పోగొట్టుకున్న అటెండర్ నుంచి, వంటా వార్పులో గంజి కాచిన అవ్వ దాకా. అమరుల కుటుంబాలు ఎలా ఉన్నాయో ఇల్లిల్లూ తిరిగి చూడండి, రాయండి. తప్పులు కూడా రాయండి. ఎక్కడ తొందరపడ్డామో, ఎక్కడ మోసపోయామో, ఎవరిని నమ్మి చెడ్డామో రాయండి. చరిత్ర పంతులు యుద్ధం గెలవగలిగింది చరిత్రను సరిగ్గా చదవడం వల్లనే. మన చరిత్రను మనం రాసుకోకపోతే, గెలిచిన తర్వాత వచ్చినవాళ్లు రాస్తారు. అందులో సైకిళ్లు ఉండవు. సేనాధిపతులే ఉంటారు.

జై తెలంగాణ!